ఆడుతూ ఆడుతూ ఆగిపోయే కంప్యూటర్

సికిందరాబాదులో కాజీపేట వైపు వెళ్లే రైలు ఎక్కితే దారిలో జనగామ వస్తుంది. కాజీపేట దాటి డోర్నకల్ వైపు సాగితే మహబూబాబాద్ వస్తుంది. ఈ దారిన తిరిగేవాళ్లకు ఒక అనుభవం తప్పకుండా ఉంటుంది. స్టేషన్ ఇంకా రానే రాదు, రైలు పొలాల మధ్య ఉన్నట్టుండి ఆగిపోతుంది. "ఇంజను పాడైందేమో" అంటారొకరు. "ఈ రైలెప్పుడూ ఇంతే" అంటారు మరొకరు. కాసేపటికి రైలు ఏమీ జరగనట్టే మళ్లీ కదులుతుంది.

నిజానికి ఇంజను పాడవలేదు. ముందున్న దారి ఖాళీ లేదు కాబట్టి సిగ్నల్ కోసం ఆగింది. ఆ సంగతి పెట్టెలో కూర్చున్నవాళ్లకు కనిపించదు. అందుకే రైలు ఊరికే ఆగినట్టు అనిపిస్తుంది.

పాత కంప్యూటర్‌లో ఆట ఆడేటప్పుడు కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆట చక్కగా సాగుతూ ఉంటుంది. హఠాత్తుగా తెర మీది బొమ్మ బిగుసుకుపోతుంది. మీటలు ఎన్ని నొక్కినా ఉలకదు, పలకదు. రెండు మూడు సెకండ్ల తరువాత తనంతట తానే కదులుతుంది. ఈలోగా మన బండి గోడకు గుద్దుకొని ఉంటుంది! ఇలా ఎందుకు జరుగుతుంది? కారణం కనిపెట్టటం ఎలా? చూద్దాం.

ముగ్గురు, ఒకే ఫిర్యాదు

మన సౌలభ్యం కోసం ముగ్గురు విద్యార్థులను ఊహించుకుందాం. ఒకరు జనగామ అబ్బాయి, ఒకరు మహబూబాబాద్ అమ్మాయి, మరొకరు భూపాలపల్లి అబ్బాయి. ముగ్గురి ఇళ్లలోనూ ఎవరో వాడి అమ్మేసిన పాత కంప్యూటర్లే ఉన్నాయి. ముగ్గురి ఫిర్యాదూ ఒక్కటే: "ఆట మధ్యలో ఆగిపోతోంది. ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం."

ఈ ఫిర్యాదుకు ముగ్గురికీ మూడు సలహాలు దొరికాయి. జనగామలో నాన్న "పాతబడింది, తీసి అమ్మేద్దాం" అన్నాడు. కాని ఇంటిల్లిపాది ఫొటోలు, అక్క చదువు కాగితాల నకళ్లు అందులోనే ఉన్నాయి. మహబూబాబాద్‌లో మరమ్మతు చేసే అతను "కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయాలి" అన్నాడు. మిర్చి అమ్మిన డబ్బులోంచి కొంత అందుకు తీయాలి. భూపాలపల్లిలో అమ్మ "నువ్వు ఆటలాడే చెడగొట్టావు, ఇక దాని జోలికి వెళ్లకు" అంది.

ముగ్గురి పెద్దలూ మంచి ఉద్దేశంతోనే చెప్పారు. కాని ఎవరూ కారణం వెతకలేదు. జ్వరం వచ్చిందనగానే మందు వేసుకోవటం లాంటిదే ఇది. జ్వరం ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక మలేరియా ఉండవచ్చు, టైఫాయిడ్ ఉండవచ్చు, వట్టి జలుబే ఉండవచ్చు. మందు మాత్రం ఒకటి కాదు గదా!

కన్నుమూసి తెరిచేలోగా

ముందుగా ఆట ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు వరుసగా చూపిస్తే మన కంటికి అవి కదులుతున్నట్టు కనిపిస్తాయి. కంప్యూటర్ ఆటలోనూ అంతే. చాలా ఆటలు సెకండుకు 30 లేదా 60 బొమ్మలు చూపిస్తాయి. అయితే ఒక తేడా ఉంది. సినిమా బొమ్మలు ముందే తీసిపెట్టినవి. ఆటలోని బొమ్మలను కంప్యూటర్ అప్పటికప్పుడు తయారుచేయాలి. సెకండుకు 60 బొమ్మలంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే సమయం సుమారు 17 మిల్లీసెకండ్లు. మిల్లీసెకండు అంటే సెకండులో వెయ్యో వంతు. ఆ 17 మిల్లీసెకండ్లలో బొమ్మ సిద్ధం కాకపోతే పాత బొమ్మే తెర మీద నిలిచిపోతుంది. ఒకటి రెండు బొమ్మలు తప్పితే మనం గుర్తించలేకపోవచ్చు. వరుసగా వంద తప్పితే మాత్రం ఆట ఆగిపోయినట్టే.

మరి బొమ్మ ఆలస్యం ఎందుకవుతుంది? లెక్కలు చేసే ప్రాసెసర్ నెమ్మదించినా కావచ్చు, లేక దానికి కావలసిన సమాచారం సమయానికి చేరకపోయినా కావచ్చు. అంటే ఇంజనుకు శక్తి చాలకపోవటం ఒకటి, సిగ్నల్ దొరకకపోవటం మరొకటి అన్నమాట.

బల్ల మీది పుస్తకం, దూరాన ఉన్న పుస్తకం

కంప్యూటర్ సమాచారాన్ని రెండుచోట్ల ఉంచుకుంటుంది. ఒకటి మెమరీ. ఇది మీ బల్ల లాంటిది. చేయి చాపితే పుస్తకం అందుతుంది. కాని బల్ల చిన్నది. కరెంటు పోతే అంతా చెరిగిపోతుంది కూడా. రెండోది హార్డ్ డిస్క్. ఇది పెద్ద గ్రంథాలయం లాంటిది. ఎంతైనా పడుతుంది. కాని వెళ్లి తెచ్చుకోవాలి.

ఎంత దూరం వెళ్లాలో లెక్క కడదాం. పాత డెస్క్‌టాప్‌లలో ఉండే హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే సెకండుకు 120 చుట్లు, ఒక్కొక్క చుట్టుకు సుమారు 8 మిల్లీసెకండ్లు. సమాచారాన్ని చదివే సన్నని చేయి సరైన చోటికి జరగటానికి సుమారు 9 మిల్లీసెకండ్లు, కావలసిన భాగం ఆ చేయి కిందికి తిరిగి రావటానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకండ్లు. మొత్తం 13. మెమరీలోంచి తీసుకోవటానికి సెకండులో కోటో వంతు కాలం చాలు.

ఈ తేడా ఎంతో ఇలా ఊహించండి. మెమరీలోంచి తీయటానికి ఒక సెకండు పట్టేదనుకుంటే, అదే లెక్కన డిస్క్ నుంచి తేవటానికి ఒకటిన్నర రోజు పడుతుంది! బల్ల మీది పుస్తకానికి ఒక సెకండు, లేని పుస్తకానికి ఒకటిన్నర రోజుల ప్రయాణం. ఆట మధ్యలో అలాంటి ప్రయాణాలు పదింటికి వెళ్లవలసివస్తే 130 మిల్లీసెకండ్లు గడిచిపోతాయి. దాదాపు ఎనిమిది బొమ్మలు తప్పిపోతాయి.

నోటు పుస్తకమే మొదటి పనిముట్టు

ఇక మన ముగ్గురి దగ్గరికి వద్దాం. ముగ్గురూ విప్పదీయటానికి స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. నోటు పుస్తకం పట్టుకున్నారు. ఆట ఆగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాసుకున్నారు: ఆట మొదలైన ఎన్ని నిమిషాలకు ఆగింది? ఎన్ని సెకండ్లు ఆగింది? అప్పుడు ఆటలో ఏం జరుగుతోంది? పెట్టె ముందున్న డిస్క్ దీపం వెలుగుతోందా, లోపలినుంచి ఏదైనా చప్పుడు వచ్చిందా? పాట ఆగిందా, సాగిందా?

చివరి ప్రశ్న వింతగా ఉందా? దానికీ అర్థం ఉంది. ప్రాసెసర్ పాటను కొద్దికొద్ది ముక్కలుగా కోసి స్పీకరు వైపు పంపుతూ ఉంటుంది. కొత్త ముక్క సమయానికి రాకపోతే పాత ముక్కే మళ్లీ మళ్లీ మోగుతుంది. "ట్ట ట్ట ట్ట ట్ట" అనే ఆ చప్పుడు మీరు వినే ఉంటారు. పాట మామూలుగా సాగుతూ బొమ్మ మాత్రమే ఆగితే కంప్యూటర్ మొత్తం ఆగలేదని గ్రహించాలి.

నాలుగు రోజులు రాసేసరికి మూడు పుస్తకాల్లో మూడు వేర్వేరు కథలు తేలాయి.

మహబూబాబాద్: నిద్రపోయిన డిస్క్

అమ్మాయి ఆడేది 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే యుద్ధవ్యూహాల ఆట. ఆమె పుస్తకంలో ఇలా ఉంది: "24వ నిమిషం, 6 సెకండ్లు. 51వ నిమిషం, 6 సెకండ్లు. 27వ నిమిషం, 7 సెకండ్లు. లోపలినుంచి 'గుర్ర్ర్' మని చప్పుడు, ఆ తరువాత కదిలింది."

చూశారా! ఆగటం ఎప్పుడూ ఇంచుమించు అంతే సేపు. మొదటి 20 నిమిషాలలో ఒక్కసారీ లేదు. చప్పుడు ప్రతిసారీ ఉంది. ఇది ఊరికే జరిగేది కాదు.

ఆమె కంప్యూటర్‌లో రెండు డిస్క్‌లు ఉన్నాయి. ఆట రెండో డిస్క్‌లో ఉంది. ఇలాంటి ఆట మొదట్లోనే చాలా సరకు మెమరీలోకి తెచ్చుకుంటుంది. తరువాత చాలాసేపు డిస్క్‌తో పని ఉండదు. కరెంటు ఆదా చేయటానికి కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. కొంతసేపు, సాధారణంగా 20 నిమిషాలు, ఎవరూ అడగకపోతే డిస్క్ తిరగటం ఆపేస్తుంది. ఆటలో కొత్త శబ్దమో కొత్త బొమ్మో కావలసిరాగానే డిస్క్ నిద్ర లేవాలి. ఆగిన పళ్లెం మళ్లీ పూర్తి వేగం అందుకోవటానికి కొన్ని సెకండ్లు పడుతుంది. అదే ఆ 'గుర్ర్ర్'. అంతసేపూ ఆట సిగ్నల్ దగ్గర రైలులా నిలబడుతుంది.

అమ్మాయి పవర్ సెట్టింగులలోకి వెళ్లి డిస్క్ ఎన్ని నిమిషాలకు ఆగాలో చెప్పే చోట "ఎప్పుడూ వద్దు" అని పెట్టింది. ఆగటం పోయింది. అక్కడితో ఊరుకోకుండా మరునాడు మళ్లీ 20 నిమిషాలు అని పెట్టి చూసింది. ఆగటం తిరిగి వచ్చింది. మళ్లీ తీసేసింది, పోయింది. అప్పుడు గాని కారణం ఇదేనని ఆమె నమ్మలేదు. శాస్త్రజ్ఞుల పద్ధతి ఇదే. ఖర్చు సున్న. గ్రాఫిక్స్ కార్డుతో ఈ జబ్బుకు సంబంధమే లేదు.

భూపాలపల్లి: వేడికి నీరసించిన ప్రాసెసర్

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. దగ్గరలోనే చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అబ్బాయి ఇల్లు లారీలు తిరిగే దారి పక్కనే. అతనిది లాప్‌టాప్. పుస్తకంలో రాసుకున్నది ఇది: "ఉదయం 6 గంటలకు ఆడితే ఆగలేదు. మధ్యాహ్నం 2 గంటలకు ఆడితే పదో నిమిషం నుంచి ప్రతి నిమిషమూ ఆగుతోంది. మంచం మీద పెట్టి ఆడితే ఇంకా ఎక్కువ. ఫ్యాను గట్టిగా అరుస్తోంది."

ప్రాసెసర్ వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. 35 వాట్ల కరెంటు మీ గోరంత బిళ్లలో వేడిగా మారుతోందనుకోండి, ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే అది కాలిపోతుంది. అందుకే దాని మీద రేకుల అమరిక, పక్కన ఫ్యాను ఉంటాయి. విద్యుత్ కేంద్రంలో పెద్ద కూలింగ్ టవర్లు చేసే పనే ఇక్కడ ఈ చిన్న ఫ్యాను చేస్తుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. శుభ్రంగా ఉన్న ఫ్యాను ప్రాసెసర్‌ను గది వేడికంటే 35 డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉంచగలదనుకోండి. మే నెల మధ్యాహ్నం గదిలో 42 డిగ్రీలుంటే ప్రాసెసర్ వేడి 77. ఫరవాలేదు. రేకుల మధ్య దుమ్ము పేరుకొని ఆ 35 కాస్తా 60 అయిందనుకోండి. జనవరి ఉదయం 18 డిగ్రీల గదిలో 78. అదీ ఫరవాలేదు. కాని మే మధ్యాహ్నం 102! సుమారు 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవటానికి వేగం బాగా తగ్గించుకుంటుంది. చల్లబడగానే మళ్లీ వేగం అందుకుంటుంది, మళ్లీ వేడెక్కుతుంది. ఆట ఆగుతూ సాగుతూ ఉండటానికి ఇదే కారణం. దుమ్ము చలికాలంలోనూ ఉంది. ఎండాకాలం దాన్ని బయటపెట్టింది, అంతే.

అబ్బాయి ముందు ఒక పైసా ఖర్చు లేని పరీక్ష చేశాడు. లాప్‌టాప్‌ను చెక్క బల్ల మీద పెట్టి, కింద గాలి ఆడేలా కాస్త ఎత్తుచేసి, పక్కన టేబుల్ ఫ్యాను తిప్పాడు. మధ్యాహ్నం కూడా ఆగటం బాగా తగ్గింది. కారణం వేడేనని తేలింది. తరువాత తెలిసినవాళ్ల చేత మూత విప్పించి దుమ్ము తీయించాడు. రేకుల మధ్య దుమ్ము దళసరి గుడ్డలా అట్టకట్టి ఉంది. ఆటలాడి చెడగొట్టాడన్న నింద కూడా దానితోపాటే పోయింది.

జనగామ: ఇది హెచ్చరిక

జనగామ అబ్బాయి ఆడేది ఊరంతా తిరుగుతూ కారు నడిపే ఆట. ఇలాంటి ఆటల్లో ఊరు మొత్తం ఒకేసారి మెమరీలో పట్టదు. కారు ముందుకు వెళ్లేకొద్దీ రాబోయే వీధిని డిస్క్ నుంచి తెచ్చుకుంటూ, దాటిన వీధిని వదిలేస్తూ ఉంటుంది. కాబట్టి నెమ్మదైన డిస్క్‌తో వేగంగా వెళితే చిన్న చిన్న కుదుపులు సహజమే.

కాని అతని పుస్తకంలో మరో సంగతి ఉంది: "వంతెన దాటాక మలుపు దగ్గర ప్రతిసారీ ఆగుతోంది. నెమ్మదిగా వెళ్లినా ఆగుతోంది. 4 సెకండ్లు, 9 సెకండ్లు, 5 సెకండ్లు. డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతోంది. లోపల 'టక్, టక్' మని చప్పుడు." అంతేకాదు, ఆటతో సంబంధం లేని ఒక ఫొటోల సంచిక తెరిచినప్పుడు కూడా అలాగే ఆగింది.

ఒకేచోట ఆగుతోందంటే ఆ వీధి బొమ్మలున్న డిస్క్ భాగమే దెబ్బతిని ఉండవచ్చు. డిస్క్ మీద ఒక చోట సరిగా చదవలేకపోతే అది వెంటనే ఓడిపోదు. పళ్లెం తిరిగి వచ్చిన ప్రతిసారీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చుట్టుకు 8 మిల్లీసెకండ్ల చొప్పున వందలసార్లు ప్రయత్నిస్తే సెకండ్లు గడిచిపోతాయి. చివరికి చదవగలిగితే ఆట సాగుతుంది. మనం "హమ్మయ్య" అనుకొని మరిచిపోతాం. కాని అలాంటి చోట్లు పెరుగుతూపోతే ఒకరోజు డిస్క్ అసలే తెరుచుకోదు.

ఇక్కడ చేయవలసిన పనుల వరుస చాలా ముఖ్యం. మొదట ఆట కట్టేయాలి. ఫొటోలు, కాగితాలు, దాచుకోదగినవన్నీ వేరే డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో నకలు తీయాలి. ఆ తరువాతనే డిస్క్ పరీక్ష చేయాలి. పరీక్ష డిస్క్‌ను మూలమూలలా చదివిస్తుంది. బలహీనమైన డిస్క్ ఆ శ్రమకే చచ్చిపోవచ్చు. డిస్క్ తన ఆరోగ్యం తానే లెక్కకట్టుకుంటుంది. ఈ ఏర్పాటు పేరు స్మార్ట్. పాడై పక్కన పెట్టిన భాగాల సంఖ్య అందులో కనిపిస్తుంది. అది వారం వారం పెరుగుతూ ఉంటే డిస్క్ మార్చవలసిందే.

జనగామ అబ్బాయి అలాగే చేశాడు. డిస్క్ తప్ప కంప్యూటర్‌లో మిగతాదంతా బాగానే ఉంది. కొత్త డిస్క్ వేస్తే చాలునని తేలింది. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డి వేస్తే మనం లెక్కకట్టిన 13 మిల్లీసెకండ్ల పని మిల్లీసెకండులో పదో వంతుకు దిగుతుంది. అన్నిటికంటే మించి, ఇంటి ఫొటోలు దక్కాయి. కారణం వెతకకుండా ఆ పెట్టెను అమ్మేసి ఉంటే, లేక "ఎప్పుడూ ఇంతే" అని ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆట పాతది కావటమే తప్పా?

ఒక్కొక్కప్పుడు యంత్రంలో ఏ లోపమూ ఉండదు. పాత ఆట, కొత్త యంత్రం ఒకదానితో ఒకటి పొసగవు. 1981లో వచ్చిన ఐబిఎమ్ పర్సనల్ కంప్యూటర్ ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ రోజుల్లో కొన్ని ఆటలు గడియారం చూసుకునేవి కావు. "ఇన్ని అంకెలు లెక్కపెట్టేలోగా ఇంత కాలం గడుస్తుంది" అనే నమ్మకంతో నడిచేవి. వేగమైన యంత్రం రాగానే ఆట పిచ్చిగా పరుగెత్తేది. అందుకే ఆనాటి చాలా కంప్యూటర్లకు "టర్బో" అనే మీట ఉండేది. పేరుకు వేగమే గాని, దాన్ని నొక్కి యంత్రాన్ని నెమ్మది చేసుకునేవారు!

2005లో ఇళ్లలోని కంప్యూటర్లకు జంట ప్రాసెసర్లు వచ్చినప్పుడు మరో చిక్కు వచ్చింది. కొన్నిటిలో ఆ రెండింటి కాల గణన కొద్దిగా తేడాగా సాగేది. ఆట ఒకసారి ఒక గడియారం, మరోసారి రెండో గడియారం చూసి తికమకపడి ఎగిరెగిరి పడేది. ఆటను ఒక్క ప్రాసెసర్ మీదనే నడిపించమని చెబితే చాలావరకు సర్దుకునేది. పాత ఆటకు ఈ కిటుకును ఇప్పుడు కూడా ప్రయత్నించవచ్చు.

పదహారింటిలో దొంగ ఎవరు?

ఇంకొక సాధారణ కారణం వెనుక నడిచే ప్రోగ్రాములు. మనం ఆడుతుండగా వైరస్ వెతికే ప్రోగ్రామో, తాజా మార్పులు దించుకునే ప్రోగ్రామో డిస్క్‌ను, ప్రాసెసర్‌ను లాక్కుంటుంది. అలాంటివి 16 ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటే ఆపి చూస్తే పదిహేను పరీక్షల దాకా పట్టవచ్చు. అలాకాక సగం, అంటే 8 ఆపండి. ఆగటం పోతే దొంగ ఆ ఎనిమిదిలో ఉన్నాడు, పోకపోతే మిగతా ఎనిమిదిలో ఉన్నాడు. తరువాత 4, తరువాత 2, తరువాత 1. దొంగ ఒక్కడే అయితే నాలుగు పరీక్షల్లో దొరుకుతాడు. అయితే వైరస్ కాపలాను ఆపేటప్పుడు ఇంటర్నెట్ తీసేసి ఉంచండి. పరీక్ష అయిపోగానే మళ్లీ నడిపించండి.

మీరూ చేసి చూడండి

ఆగిపోయే కంప్యూటర్ ఇంట్లోనో బడిలోనో ఉంటే ఈ సూత్రాలు గుర్తుంచుకోండి. ముందు విలువైనవాటికి నకలు తీయండి. కనీసం పదిసార్లు ఆగేదాకా ఓపికగా రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. పోయిందనిపిస్తే ఆ మార్పు తీసేసి, తిరిగి వస్తోందో లేదో చూడండి. ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చున్నవి తరువాత చేయండి. పెట్టె మూత తీయవలసివస్తే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పెద్దలను పక్కన ఉంచుకోండి. కరెంటు వచ్చే పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మన ముగ్గురికీ వచ్చిన లక్షణం ఒక్కటే. కారణాలు మాత్రం మూడు: ఒకరికి నిద్ర, ఒకరికి వేడి, ఒకరికి దెబ్బతిన్న డిస్క్. "ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం" అన్న మాట నోటు పుస్తకం తెరవక ముందుది. తెరిచాక ముగ్గురూ చెప్పగలిగారు. ఈసారి మీ రైలు పొలాల మధ్య ఆగితే "ఊరికే ఆగింది" అనకండి. గడియారం చూసి, ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో రాసుకోండి. సిగ్నల్ ఎక్కడ ఉందో మీకే తెలుస్తుంది.